అడిగినంత మేరకే

కడప కోర్టు వరండాలో నా పిలుపు కోసం కూర్చుని ఉన్నాను. ఫైళ్ళ కట్ట చంకలో పెట్టుకుని పోతున్న వకీలు గుమాస్తా ఒకాయన నన్ను చూసి ఆగాడు.

"మీ కర్నూలు మేడం పోయిందంట గదమ్మా," అన్నాడు, నాకు ముందే తెలుసనుకుని.

నాకు తెలియదు. నా ముఖం చూసి ఆయన తడబడ్డాడు. కట్టను కిందికి దించి పక్కన కూర్చున్నాడు.

"నిన్న సాయంత్రమంట. మా సారుకు కర్నూలు నుంచి ఫోనొచ్చింది." తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు. "ఆయమ్మ బోనెక్కిందంటే మా సారుకు చెమటలు పట్టేటివి. ఎట్ల తిప్పి అడిగినా 'అది నాకు తెలియదు' అనేది. తెలియదనే మనిషిని యాడ పట్టుకుంటాం చెప్పు?"

లోపలి నుంచి నా పేరు పిలిచారు. వెళ్ళి సాక్ష్యం చెప్పి వచ్చాను. ఏం చెప్పానో ఇప్పుడు సరిగా గుర్తు లేదు గాని, తప్పు చెప్పి ఉండను. ఆమె దగ్గర పని నేర్చుకున్నవాళ్ళకు మనసు ఎక్కడున్నా నోరు అదుపులోనే ఉంటుంది.

ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. తన పేరు ఎక్కడైనా కనిపిస్తే ఆమెకు చిరాకుగా ఉండేది. ల్యాబు బోర్డు మీద కూడా పేరు వేయించుకోలేదు. రిపోర్టు చివర సంతకం తప్ప ఆమె పేరు బయటికి తెలిసే దారి లేదు. మాకు మేడం, అంతే.

కర్నూలులో ఒక కళ్ళజోళ్ళ దుకాణం మీద రెండు గదులు. మెట్లు ఎక్కేటప్పుడు తల వంచకపోతే నుదురు తగులుతుంది. అదే మా ల్యాబు. ఫోన్లు, కంప్యూటర్లు, సీసీ కెమెరాల డబ్బాలు సీలు వేసిన కవర్లలో అక్కడికి వచ్చేవి. కొన్ని కోర్టు పంపినవి, కొన్ని వకీళ్ళు కోర్టు అనుమతితో తెచ్చినవి. వాటిలో ఏముందో, ఏం తుడిచేశారో, ఎప్పుడు తుడిచేశారో చూసి చెప్పడం మా పని. ఆమె అంతకుముందు చాలా ఏళ్ళు పెద్ద ఊర్లో ప్రభుత్వ ల్యాబులో ఉండి, ఉద్యోగం వదిలేసి వచ్చింది. ఎందుకు వదిలేశారని ఎవరైనా అడిగితే, "ఆడి నీళ్ళు పడలేదు," అనేది. ఇంకో మాట ఎవరూ రాబట్టలేకపోయారు.

నేను బీటెక్ అయ్యాక ఒక ఏడాది హైదరాబాదులో ఉద్యోగాల కోసం తిరిగి, దొరక్క, బేతంచెర్లలో ఇంట్లో కూర్చున్నాను. మా నాన్న బండల పాలిష్ యూనిట్లో పని చేసేవాడు. తెల్లని బండపొడి తలకు, కనుబొమ్మలకు పట్టి, సాయంత్రం ఇంటికొచ్చేసరికి పదేళ్ళు పెద్దవాడిలా కనిపించేవాడు. మా కాలేజీలో చదువు చెప్పిన సారు ఒకరు ఈ ల్యాబు సంగతి చెబితే, వెళ్ళి చూద్దామని బస్సెక్కాను.

మేడం నా సర్టిఫికెట్లు తెరవలేదు. "ఈ పని ఎందుకు చేయాలనుకుంటాండావ్ పాపా?" అని అడిగింది.

నేను దారి పొడుగునా తయారు చేసుకున్న జవాబు చెప్పాను. "నేరస్తుల్ని పట్టుకోవాలని మేడం."

ఆమె నవ్వలేదు. "పట్టుకునేదానికి పోలీసులుండారు. శిక్ష ఏసేదానికి జడ్జి ఉండాడు. ఈడ మనం చేసేది ఒకటే. అడిగిన దానికి, దొరికినంతలో జవాబు రాసేది. అది చాలుతాదా నీకు?"

చాలుతుంది మేడం అన్నాను. మనసులో మాత్రం, ఇంతేనా అనిపించింది.

మొదటి నెలలన్నీ ఆ 'ఇంతేనా'తోనే గడిచాయి. నేను ఊహించుకున్న ఉద్యోగంలో గబగబా మీటలు కొట్టడం, తెర మీద రహస్యాలు బయటపడడం ఉండేవి. ఇక్కడ కవరు మీది లక్క సీలు పగలలేదని ముందు చూడాలి. అన్ని వైపుల నుంచీ ఫోటో తీయాలి. ఫోనైతే సిగ్నలు తగలని సంచిలో పెట్టాలి, లేకపోతే దూరం నుంచి ఎవరైనా దాన్ని తుడిచేయవచ్చు. తర్వాత లోపలున్నదంతా ఉన్నది ఉన్నట్టు కాపీ తీయాలి. ఆ కాపీకి ఒక పొడవాటి గుర్తు వస్తుంది. లోపల ఒక్క అక్షరం మారినా ఆ గుర్తు మొత్తం మారిపోతుంది. అది సరిపోలితేనే పని మొదలు. అప్పుడు కూడా కాపీలోనే వెతకాలి. అసలు వస్తువు మళ్ళీ సీలులోకి పోవాలి. బేతంచెర్లలో అందరూ నేను సెల్ రిపేరు నేర్చుకుంటున్నానని అనుకునేవారు. వివరించి చెప్పే ఓపిక లేక మా అమ్మ కూడా ఔనని ఊరుకునేది.

మేడం గదిలోకి వచ్చేటప్పుడు చెప్పులు గుమ్మం బయట విడిచేది. మమ్మల్ని కూడా విడవమనేది. దుమ్ము పడకూడదనేమో అనుకున్నాను. ఒకరోజు నేను మరిచిపోయి చెప్పులతోనే కంప్యూటరు ముందు కూర్చుంటే, భుజం మీద తట్టి, "పరాయోళ్ళ ఇంట్లోకి పోతాండాం పాపా. వాళ్ళు రమ్మని పిలవలేదు. చెప్పులన్నా బయట ఇడువు," అంది.

ఆమె టేబులు మీద పాత నూలు చీర నుంచి చింపిన ముక్క ఒకటి ఉండేది. కింది దుకాణం నుంచి ఎవరైనా టీ తెచ్చినా, వకీలు ఎవరైనా తలుపు తట్టినా, ముందు ఆ గుడ్డను తెర మీద కప్పి తర్వాతే "రాండి" అనేది. ఫోన్లో ఉన్న ఫోటోలు చూడాల్సి వస్తే వాటిని గోరంత చేసి పెట్టుకునేది. కావలసిన తేదీ దగ్గరికి వచ్చాక, కావలసినదాన్ని మాత్రమే పెద్దది చేసేది. ఎవరివైనా మాటల రికార్డింగు వినాల్సి వస్తే కళ్ళజోడు తీసి, తల వంచుకుని వినేది. ఆ మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉండేది ఆమె తీరు.

మాటల దగ్గర మాత్రం గట్టి మనిషి. "ఈ ఫోన్ ఎవరిది?" అని అడిగేది.

"నిందితుడిది మేడం."

"కొన్నప్పుడు నువ్వు పక్కన ఉండావా?"

"లేదు మేడం."

"మరి? అతని దగ్గర దొరికిందంట అను. ఆ దొరికింది కూడా పోలీసోళ్ళు చెప్పిందే, మనం చూసింది కాదు."

'ఖచ్చితంగా' అన్న మాట మా నోటి నుంచి వస్తే ఆమె కళ్ళజోడు ముక్కు మీదికి జారేది. పైనుంచి అలా చూసేది. అంతే. ఆ చూపు తర్వాత ఆ మాట మా రిపోర్టుల్లోంచి తనంతట తనే పోయింది. ఇప్పటికీ కూరగాయల దుకాణంలో కూడా ఆ మాట అనడానికి నాకు నోరు రాదు.

ల్యాబులో తిండి నిషేధం. పొద్దున పది దాటాక ఆమె మెట్ల మీద కూర్చుని బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జి తినేది. కింద వీధిలో పోయేవాళ్ళను చూస్తూ, మాకు కూడా ఆకులో పెట్టిస్తూ, ఊరి సంగతులు చెప్పేది. కోడుమూరు ఆమె సొంతూరు. అక్కడి మనుషులు మాట్లాడే తీరును అనుకరించి నవ్వించేది. లోపల కేసు ఎంత బరువైనదైనా మెట్ల మీద దాని ప్రస్తావన రానిచ్చేది కాదు. చెయ్యి కడుక్కుని గుమ్మం దాటితే ఇక ఆ మెట్ల మీది మనిషి కాదు.

ఆమె ఏమిటో నాకు అర్థమైంది కమలాపురం అమ్మాయి కేసులో.

కమలాపురం దగ్గర పల్లె ఆ అమ్మాయిది. కడపలో డిగ్రీ చదువుతోంది. ఆమె ఫోటోలు కొన్ని ఊరివాళ్ళ ఫోన్లలో తిరిగాయి. గదిలో అద్దం ముందు నిలబడి తనకోసం తాను తీసుకున్నవి. ఎవరికీ చూపించడానికి తీసుకున్నవి కావు. వాటి కింద ఎవరో చెత్త మాటలు రాసి పంచారు. ఊరు ఊరంతా చూసింది. ఆమె కాలేజీకి పోవడం ఆగిపోయింది. ఆమెతో స్నేహంగా ఉండే తోటి విద్యార్థి ఒకడున్నాడు. వేరే ఊరి పిల్లవాడు. అతనే చేసి ఉంటాడని అమ్మాయి తండ్రి ఫిర్యాదు పెట్టాడు. పోలీసులు ఆ పిల్లవాణ్ని పట్టుకుపోయారు. ఆ అమ్మాయి మాత్రం, అతను కాదు, నేను ఆ ఫోటోలు అతనికి పంపలేదు అని చెబుతూనే ఉంది. అతన్ని కాపాడుకోవడానికి చెబుతోందనుకున్నారు అందరూ.

పిల్లవాడి వకీలు, ఆ అమ్మాయి ఫోన్‌ను పరీక్ష చేయించమని కోర్టును అడిగాడు. ప్రభుత్వ ల్యాబులో వరస చాలా ఉండడంతో కోర్టు దాన్ని మాకు పంపింది. కోర్టు అడిగిన ప్రశ్న ఒక్కటే. ఈ ఫోటోలు ఈ ఫోన్ నుంచి బయటికి ఎలా పోయాయి?

"ఆడపిల్ల ఫోను. నువ్వు చూడు పాపా," అని మేడం ఆ పని నాకిచ్చింది. నేను సొంతంగా చేసిన మొదటి కేసు అదే.

కాపీ తీసి వెతకడం మొదలుపెట్టాను. ఆ పిల్లవాడితో మాట్లాడుకున్న మాటలు తెరిచాను. ఫోటోలు కనిపించాయి. ఆమె అతనికి పంపినవే. దొరికిపోయాడు అనుకున్నాను. మేడం దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్ళి చెప్పాను.

"పంపింది సరే. ఇవే ఫోటోలా?" అంది.

వెనక్కి వచ్చి ఒక్కొక్కటీ పక్కపక్కన పెట్టి చూశాను. ఒక్కటి కూడా అదే కాదు. అతనికి పంపినవి కాలేజీ గేటు దగ్గర, బస్సు కిటికీ పక్కన, కొత్త కళ్ళజోడు పెట్టుకుని తీసుకున్నవి. ఊర్లో తిరిగిన ఫోటోలను ఆమె ఏ యాప్ నుంచీ ఎవరికీ పంపిన ఆనవాలు లేదు. మరి ఎలా పోయాయి?

మళ్ళీ వెతికాను. ఫోన్లోంచి కంప్యూటరుకు ఫైళ్ళు పంపే యాప్ ఒకటి ఒకరోజు ఎక్కించి, పని అయ్యాక తీసేసినట్టు ఆనవాళ్ళు దొరికాయి. ఆ రోజే ఆ ఫోటోలు ఒక కంప్యూటరుకు వెళ్ళాయి. ఆ కంప్యూటరుకు పెట్టుకున్న పేరు కూడా మిగిలి ఉంది. ఆ ముందు రోజు సాయంత్రం ఆ అమ్మాయి తన స్నేహితుడికి పంపిన మాట ఒకటి కనిపించింది. "ఫోన్ అద్దం పగిలింది. రిపేరుకు ఇస్తాండా. రేపు మాట్లాడను, ఎదురు చూడొద్దు."

నాకు అంతా అర్థమైపోయింది. "మేడం, రిపేరు షాపువాడు! ఖచ్చి..." అని నోరు మూసుకున్నాను.

మేడం నేను తెచ్చినవన్నీ మళ్ళీ తనే మొదటి నుంచి చూసింది. సగం రోజు పట్టింది. చివరికి కుర్చీ వెనక్కి జరిపి, "బాగా చూసినావ్. రాయి," అంది. "ఫలానా రోజు ఫలానా యాప్ ద్వారా ఈ పేరున్న కంప్యూటరుకు పోయినాయి. రిపేరు గురించి ఆ పిల్ల పంపిన మాట ఒక్కటి చేర్చు. మిగతా మాటలు ఒక్కటి కూడా వద్దు."

"షాపువాడి సంగతి?"

"ఆ కంప్యూటరు యాడుందో నీకు తెలుసా?"

"షాపులోనే ఉంటుంది కదా మేడం!"

"ఉంటాదేమో. దాని ముందర కుర్చీలో ఎవరు కూర్చున్నారు? పోలీసోళ్ళు ఇప్పటికే ఒకణ్ని లోపలేసినారా, నువ్వు రాసేది నమ్మి అట్లనే ఇంకొకణ్ని ఏస్తారు. కంప్యూటరు పేరు రాయి. ఆ తర్వాతది వాళ్ళ పని."

నాకు కోపం వచ్చింది. ఇంత దూరం వచ్చి చివరి మెట్టు దగ్గర ఆగిపోవడం పిరికితనం అనిపించింది. అయినా ఆమె చెప్పినట్టే రాశాను.

రిపోర్టు కోర్టుకు ఇంకా పోకముందే ఆ అమ్మాయి తండ్రి వచ్చాడు. మెట్లెక్కి, తల వంచడం తెలియక నుదురు కొట్టుకుని, అలాగే నిలబడ్డాడు. తెల్ల పంచె, చేతిలో టవలు. సేద్యం చేసే మనిషి. ఊర్లో నలుగురికీ చెప్పగలిగిన స్థితిలో ఉన్నవాడని చూడగానే తెలుస్తుంది. కాని కళ్ళు మాత్రం నిద్ర లేని కళ్ళు. మేడం తెర మీద గుడ్డ కప్పి, బయటి గదిలోకి వచ్చి, ఆయనకు నీళ్ళిప్పించింది.

"కేసు సంగతి నేనేమీ చెప్పకూడదప్పా. చెప్పను," అంది ముందే.

"కేసు సంగతి నాకొద్దు మేడం," అన్నాడాయన. "ఆ పిల్లోనితో మా పాప ఏమేం మాట్లాడిందో, అది ఒక్కటి చూపియ్యండి. నేను తండ్రిని. నాకు తెలియాల్నా వద్దా?"

"తెలియాల్నేమో. నేను చూపియ్యకూడదు."

"ఆ ఫోను కొనిచ్చింది నేను!"

"నువ్వు కొనిచ్చినావు. ఆయమ్మకే గదా ఇచ్చినావు?"

ఆయన టవలుతో ముఖం తుడుచుకున్నాడు. గొంతు తగ్గింది. "నేను ఊర్లో తల ఎత్తుకోని తిరగలేకపోతాండా మేడం. మా బామ్మర్ది వరసాయన ఒకడు సెల్ షాపు పెట్టుకోనుండాడు. ఆ ఫోటోలు తిరుగుతాండాయని మొదట నాకు చెప్పింది ఆయనే. పిల్లోని మీద కేసు పెట్టమని స్టేషనుకు తోడొచ్చింది ఆయనే. ఆయన ముందర కూడా తల ఎత్తలేకపోతాండా."

నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను. సెల్ షాపు అన్న మాట వినగానే మేడం వైపు చూశాను. ఆమె ముఖంలో ఒక్క గీత కదలలేదు. ఇప్పుడు చెప్పేయవచ్చు కదా, ఈయన గుండె మీది బరువు దించవచ్చు కదా అని నా మనసు కొట్టుకుపోతోంది. ఆమె చెప్పలేదు.

"అప్పా," అంది చివరికి. "ఫోన్ నా దగ్గర ఉండాది. నీ కూతురు నీ ఇంట్లోనే ఉండాది. ఏం కావాలన్నా ఆయమ్మను అడుగు."

"అడిగితే చెప్పదు మేడం."

"అరవకుండా ఎప్పుడన్నా అడిగినావా?"

ఆయన టవలు మడిచి భుజం మీద వేసుకున్నాడు. కింద దుకాణంలో ఎవరో కళ్ళజోడు బేరమాడుతున్న మాటలు పైకి వినిపిస్తున్నాయి. తర్వాత లేచి, "వస్తా మేడం," అని మెట్లు దిగాడు. ఈసారి మేడమే "తల సూసుకో అప్పా," అని హెచ్చరించింది.

ఆయన పోయాక, "చెప్పకుండా ఎట్లుండగలిగినారు మేడం?" అని అడిగాను. నా గొంతులో కోపం దాచలేకపోయాను.

ఆమె కుర్చీలో కూలబడింది. "ఏముండగలిగినా పాపా. నేను ఈ పొద్దు ఒక మాట అని ఉంటే, రాత్రికి ఆ షాపాయన కంప్యూటరును ఏట్లో ఇసిరేసి వస్తాడు. లేదా ఈయనే పోయి ఆయన్ని నరికేసి జైలుకు పోతాడు. అప్పుడు ఆ పిల్లకు ఏం మిగులుతాది?"

రిపోర్టు కోర్టుకు చేరిన వారంలో పోలీసులు ఆ బంధువు సెల్ షాపులోని కంప్యూటరును పట్టుకున్నారు. దాని పేరు మేం రాసిన పేరే. ఫోటోలు అందులో ఉన్నాయి. వాటిని మొదట పంచింది కూడా అక్కడి నుంచేనని, దాన్ని పరీక్ష చేసిన ప్రభుత్వ ల్యాబు తేల్చింది.

ఆ పిల్లవాడి విషయం తేల్చడానికి కడప కోర్టులో మేడంను విచారించారు. నేనూ వెంట పోయాను. నంద్యాల, మైదుకూరు మీదుగా బస్సులో దారంతా ఆమె నిద్రపోయింది. మేడం బోనులో నిలబడ్డాక, ప్రశ్నలు అడిగే వకీలు ఆ షాపాయన తరపున వచ్చినవాడని మాకు అర్థమైంది. ఎలాగైనా తప్పును ఆ అమ్మాయి మీదికే తిప్పాలని చూశాడు.

"అంటే ఈ అబ్బాయి మంచివాడని మీ అభిప్రాయమా?"

"నాకు తెలియదు సార్."

"ఫోటోలు దొంగిలించింది ఎవరు?"

"నాకు తెలియదు సార్. ఏ కంప్యూటరుకు పోయినాయో తెలుసు."

"ఈ అబ్బాయికి ఆ అమ్మాయి ఫోటోలు పంపేదా, లేదా?"

"ఈ కేసులోని ఫోటోలు పంపలేదు సార్."

"వేరేవి పంపేది కదా? ఏమిటవి? ఏం మాట్లాడుకునేవాళ్ళు?"

కోర్టు హాలు వెనక వరసలో ఆ అమ్మాయి, తన తల్లి పక్కన కూర్చుని ఉంది. తల దించుకుంది. మేడం వకీలు వైపు కాకుండా జడ్జిగారి వైపు తిరిగింది.

"అయ్యా, కోర్టు నన్ను అడిగింది ఒక ప్రశ్న. దానికి ఎంత చూడాల్నో అంతే చూసినా. మిగతాది కోర్టు అడిగితే చెప్పాల్సిందే, చెప్తాను. వకీలుగారు అడిగితే చెప్పను."

జడ్జిగారు కాసేపు కాగితాలు తిప్పి, "అవసరం లేదు," అన్నారు. "తర్వాత ప్రశ్న అడగండి."

బయటికి వచ్చాక వరండా చివర ఆ అమ్మాయి మా కోసం ఆగి ఉంది. తండ్రి కొంచెం దూరంలో స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. ఆమె మేడం చేతులు పట్టుకుంది. థాంక్స్ చెబుతుందనుకున్నాను. అది కాదు ఆమె అడిగింది.

"మేడం, మీరు అంతా చదివినారా?"

"నేను కొంతే చూసినా. నీ ఫోను చూసింది ఈ పాప," అంది మేడం.

ఆ అమ్మాయి నా వైపు తిరిగింది. ఇంచుమించు నా ఈడుదే. ఆ చూపు ముందు ఎలా నిలబడాలో నాకు తెలియలేదు. ఆమె రాత్రులు అతనికి చెప్పుకున్న భయాలు, తండ్రి మీది కోపం, తండ్రి మీది ప్రేమ, పాడి పంపిన పాట సగం, అవన్నీ నాలో ఉన్నాయి. రిపేరు రోజు కోసం వెతుకుతూ అవన్నీ దాటుకుంటూ పోవాల్సి వచ్చింది.

"ఎన్నో ఫోన్లు చూస్తాం గదా," అన్నాను. "నాకేమీ గుర్తు లేదు."

ఆమె ముఖం తేలికపడింది. తలాడించి తండ్రి దగ్గరికి పోయింది. ఆయన ఆమె చేతిలోని సంచి తీసుకున్నాడు. ఇద్దరూ మెట్లు దిగిపోయారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మేడం నిద్రపోలేదు. మైదుకూరు దాటాక అంది. "గుర్తు లేదంటివే. నీకు గుర్తుంది గదా."

"ఉంది మేడం."

కిటికీలోంచి ఎండిన చేలు వెనక్కి పోతున్నాయి. ఇప్పుడు కళ్ళజోడు జారుతుందని ఎదురు చూశాను. ఆమె నా మోకాలి మీద చెయ్యి వేసి, "మంచి పని చేసినావ్," అంది. అబద్ధాన్ని ఆమె మెచ్చుకోవడం నేను ఎరిగి అదొక్కసారే.

ఆ పిల్లవాడు బయటికి వచ్చాడు. షాపాయన మీద కేసు నడిచి శిక్ష పడింది. ఆ అమ్మాయి డిగ్రీ పూర్తి చేసిందని మాత్రం విన్నాను. వాళ్ళిద్దరి స్నేహం ఏమైందో నాకు తెలియదు. తెలుసుకోవాలని ప్రయత్నించలేదు.

తర్వాత కొన్నేళ్ళకు మేడం ఆరోగ్యం చెడింది. ల్యాబు నాకు అప్పజెప్పి కోడుమూరులో చెల్లెలింటికి వెళ్ళిపోయింది. మొన్న ఎండాకాలం రమ్మని కబురు పంపితే వెళ్ళాను. మంచం మీద దిండుకు ఆనుకుని ఉంది. బాగా చిక్కిపోయింది. కాసేపు మాట్లాడాక దిండు కింది నుంచి తన ఫోన్ తీసి నా చేతికిచ్చింది.

"దీన్ని తుడిచేయి పాపా. మొత్తం. నా కండ్లకు ఆ మీటలు ఆనడంలేదు. మా చెల్లెలి పిల్లోళ్ళను అడగడం ఇష్టం లేదు."

ఆమె ఎవరితో మాట్లాడేదో, ఏం దాచుకునేదో, ఎవరు ఆమెకు శుభోదయాలు పంపేవారో, ఇన్నేళ్ళ సహవాసంలో నాకు ఒక్క ముక్క తెలియదు. అదంతా నా అరచేతిలో ఉంది.

"ముందు కాపీ తీసి పెట్టనా మేడం?" అన్నాను, అలవాటుకొద్దీ.

ఆమె దగ్గు వచ్చేలా నవ్వింది. "కాపీ లేకుండా చేసే పని ఒకటన్నా ఉండనీ పాపా."

తుడిచేశాను. తెర నల్లగా అయి, కాసేపటికి కొత్త ఫోన్‌లా వెలిగి, ఏ భాష కావాలని అడిగింది. ఆమెకు చూపించాను. చేత్తో తడిమి చూసి, మళ్ళీ నాకే ఇచ్చింది.

"నువ్వే ఉంచుకో. కొత్తగా చేరే పిల్లోళ్ళకు ఇచ్చి, దీంట్లో ఏమన్నా మిగిలిందేమో వెతకమను. వాళ్ళకు పని వస్తాది."

చెల్లెలు నాకు అన్నం పెట్టింది. నేను తింటున్నంతసేపూ మేడం కళ్ళు మూసుకునే ఉంది. వస్తానని చెబితే చెయ్యి మాత్రం ఎత్తింది. మళ్ళీ చూడలేదు.

గుమాస్తా ఆ వార్త చెప్పిన రోజున కడప నుంచి నేరుగా కోడుమూరు పోయాను. అప్పటికే అంతా అయిపోయింది. చెల్లెలు నా చేతులు పట్టుకుని ఏడ్చింది. ఇంటి ముందు కుర్చీల్లో ఊరివాళ్ళు, ఆమె సర్కారు ఉద్యోగంలో ఏం చేసేదో తలా ఒక రకంగా చెప్పుకుంటున్నారు. నేను ఎవరినీ సరిదిద్దలేదు.

ఈ ఏడు ల్యాబులో ఇద్దరు కొత్తగా చేరారు. ఒకమ్మాయిది ఆదోని, ఇంకో అబ్బాయిది కమలాపురం. పోయిన వారం ఆ ఫోన్ వాళ్ళకిచ్చాను. ఎవరిదో చెప్పలేదు. నేర్చుకున్న పద్ధతులన్నీ వాడి, రోజుల తరబడి కిందా మీదా పడ్డారు. చివరికి ఆ అమ్మాయి ముఖం వేలాడేసుకుని వచ్చింది.

"ఇందులో ఏమీ లేదు మేడం. అట్లనే రాయనా?"

"దొరకలేదని రాయమ్మా," అన్నాను. "లేదని రాయొద్దు."